90 రోజుల మొక్కుబడి

సర్వర్ నుంచి మెయిళ్లు పంపే ఖాతా పాస్‌వర్డును ప్రతి 90 రోజులకూ మార్చాలి. మార్చే సంస్థకు జాగ్రత్త ఉన్నట్టు, మార్చని సంస్థ నిర్లక్ష్యంగా ఉన్నట్టు. ఈ మాట ఎంతగా స్థిరపడిపోయిందంటే, దాన్ని ప్రశ్నించిన అడ్మిన్‌ను భద్రతకే వ్యతిరేకి అన్నట్టు చూస్తున్నారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చుని అమెరికా, యూరప్ కంపెనీల సర్వర్లు నడిపే తెలుగు ఇంజనీర్లకు ఇది మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చే టికెట్. పాస్‌వర్డ్ మారుస్తారు, స్క్రీన్‌షాట్ జత చేస్తారు, టికెట్ మూసేస్తారు. దానివల్ల ఆ రాత్రి ఏమేం ఆగిపోయాయో తెలిసేసరికి కొన్నిసార్లు వారం గడుస్తుంది.

ఈ పద్ధతి భద్రత ఇవ్వదు. ఉన్న భద్రతను కూడా కొంత తీసేస్తుంది. ఎందుకంటున్నానో వరసగా చెబుతాను.

ముందు దేని గురించి మాట్లాడుతున్నామో స్పష్టం చేసుకోవాలి. మనుషులు తమ మెయిల్ చూసుకోవడానికి వాడే పాస్‌వర్డ్ గురించి కాదు. జీరా, గిట్‌ల్యాబ్, శాప్, ఎస్‌క్యూఎల్ సర్వర్, గ్రఫానా వంటి ప్రతి పెద్ద సాఫ్ట్‌వేరూ తనంతట తానే మెయిళ్లు పంపుతుంది. అప్రూవల్ కోరుతూ, ఓటీపీ ఇస్తూ, బ్యాకప్ ఫెయిలైందని చెబుతూ పంపుతుంది. అందుకోసం దానికో మెయిల్ సర్వర్ చిరునామా, ఒక పోర్టు, చాలా చోట్ల 587, ఒక ఖాతా పేరు, ఒక పాస్‌వర్డ్ ఇచ్చి ఉంచుతాం. చర్చంతా ఆ పాస్‌వర్డ్ గురించే.

దాన్ని క్యాలెండర్ ప్రకారం మార్చాలనేవాళ్ల వాదనలో బలం లేదనను. వాళ్లు చెప్పేది ఇది: పాస్‌వర్డ్ ఎప్పుడో ఎవరికో చిక్కి ఉండొచ్చు, ఆ సంగతి మనకు తెలియకపోవచ్చు. అలాంటప్పుడు గడువు ఉంటే దొంగ చేతిలోది మూడు నెలలకైనా చెల్లకుండా పోతుంది. ఉద్యోగం మానేసినవాళ్లకు తెలిసిన పాస్‌వర్డ్ కూడా అలాగే చెల్లదు. తరచూ మారుస్తుంటే టీమ్‌కు చెయ్యి తిరుగుతుంది, నిజంగా ప్రమాదం వచ్చిన రోజు తడబాటు ఉండదు. పైగా ఇదంతా అయిదు నిమిషాల పని, ఆడిటర్లూ అడుగుతున్నారు, మార్చడానికి అభ్యంతరమేమిటి? వినడానికి సబబుగానే ఉంది. ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

1. ఆ అంకెకు ఆధారం ఏది?

పాస్‌వర్డుకు గడువు పెట్టాలన్న ఆలోచన వెనక ఒకప్పుడు లెక్క ఉండేది. 1985లో అమెరికా రక్షణ శాఖ వెలువరించిన పాస్‌వర్డ్ మార్గదర్శకం ఆ లెక్కను వివరంగా చెప్పింది. ఊహించేవాడు నిమిషానికి ఎన్నిసార్లు ప్రయత్నించగలడు, ఆ పాస్‌వర్డుకు మొత్తం ఎన్ని రూపాలు సాధ్యం, ఈ రెండూ తెలిస్తే దాన్ని ఎంతకాలం వాడొచ్చో తేలుతుంది. అంటే పాస్‌వర్డ్ ఎంత బలంగా ఉంటే గడువు అంత పెరగాలి. కాలక్రమంలో ఆ లెక్కను వదిలేశాం, గడువును మాత్రం పట్టుకున్నాం.

ఆ లెక్కనే ఇవాళ్టి సర్వర్ ఖాతాకు వేసి చూడండి. అక్షరాలు, అంకెలు కలిపి యంత్రం తయారుచేసిన 24 అక్షరాల పాస్‌వర్డుకు సాధ్యమయ్యే రూపాలు ఒకటి పక్కన 43 సున్నాలంత. సెకనుకు లక్ష కోట్ల ఊహలు చేసే యంత్రాన్ని కూర్చోబెట్టినా, అన్నిటినీ చూడడానికి పట్టే కాలం ఈ విశ్వం వయసుకు లక్షల కోట్ల రెట్లు. దానికి 90 రోజుల గడువు పెట్టడంలో అర్థమేముంది?

మనుషులు పెట్టుకునే పాస్‌వర్డుల సంగతి వేరు. అవి బలహీనమైనవే. కానీ అక్కడ కూడా గడువు పనిచేయలేదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 7,700కు పైగా ఖాతాల పాత పాస్‌వర్డులను పరిశీలించారు. పాత పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, 17 శాతం ఖాతాల్లో కొత్తదాన్ని అయిదు ప్రయత్నాల లోపే కనిపెట్టగలిగారు. చివరి అంకె పెంచడం, ఒక గుర్తు జరపడం లాంటి మార్పులే జనం చేస్తున్నారు కాబట్టి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో తన మార్గదర్శకాన్ని మార్చి, ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించడం తగదంది. బయటపడిందన్న ఆధారం ఉంటే తప్పక మార్పించమంది. 2025లో వచ్చిన నాలుగో సవరణలో ఆ సలహా నిషేధంగా మారింది. మైక్రోసాఫ్ట్ 2019లోనే విండోస్ భద్రతా బేస్‌లైన్ నుంచి పాస్‌వర్డ్ గడువును తీసేసింది. నిస్ట్ పాత నియమాలను 2003లో రాసిన బిల్ బర్, తాను రాసినదాంట్లో చాలాభాగానికి పశ్చాత్తాపపడుతున్నానని 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో చెప్పారు.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. నిస్ట్ చెప్పింది మనుషుల పాస్‌వర్డుల గురించి, సర్వీస్ ఖాతాల గురించి కాదంటారు. నిజమే. అయితే ఆ తేడా ఎటు తిరుగుతుందో చూడాలి. బలహీనమైన మనుషుల పాస్‌వర్డులకే గడువు పనికిరాలేదు. యంత్రం తయారుచేసినదాన్ని ఊహించే ప్రమాదం అసలే లేదు. ఇక మిగిలిన ప్రమాదం ఒక్కటే, అది ఉన్నచోటు నుంచి దొంగతనంగా పోవడం. కాబట్టి గడువు వాదమంతా ఇప్పుడు ఆ ఒక్క కాలు మీద నిలబడాలి.

2. దొంగ చేతిలో పడిందనుకుందాం

పాస్‌వర్డ్ ఈ రోజు పోయింది. ఎవరికీ తెలియదు. వచ్చే రొటేషన్‌కు, అంటే గడువు ప్రకారం జరిగే తర్వాతి మార్పుకు, సగటున 45 రోజులుంటాయి. ఆ 45 రోజులూ దొంగ ఏం చేస్తుంటాడు? మెయిల్ ఖాతా చేతికొచ్చినవాడికి గంట చాలు. వచ్చే మెయిళ్లన్నీ తనకు పోయేలా ఒక ఫార్వర్డింగ్ రూల్ పెడతాడు. ఇంకో యాప్‌కు అనుమతి ఇచ్చుకుంటాడు. అకౌంట్స్ విభాగం నుంచి వచ్చినట్టే, అదే సర్వర్ నుంచి, అదే చిరునామాతో, బ్యాంకు ఖాతా మారిందని సరఫరాదారులకు మెయిళ్లు పంపుతాడు. అసలు ఖాతా నుంచి వచ్చిన మెయిల్ కాబట్టి స్పామ్ ఫిల్టర్లు సాధారణంగా ఆపవు. మన రొటేషన్ రోజు వచ్చేసరికి అతనికి ఆ పాస్‌వర్డుతో పని అయిపోయి ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ సంస్థలోకే 2023 నవంబరు చివర్లో మిడ్‌నైట్ బ్లిజర్డ్ అనే రష్యన్ బృందం చొరబడింది. ఎప్పుడో ప్రయోగాల కోసం తెరిచిన ఒక పాత ఖాతా, రెండో అంచె ధ్రువీకరణ లేనిది, మామూలు పాస్‌వర్డ్ ఊహలకే లొంగింది. అక్కడినుంచి ఎక్కువ అధికారాలున్న ఒక ఓఆథ్ యాప్‌ను, అంటే పాస్‌వర్డుకు బదులు టోకెన్లతో పనిచేసేదాన్ని, పట్టుకుని, పైస్థాయి అధికారుల మెయిళ్లు చదివారు. కంపెనీకి సంగతి తెలిసింది 2024 జనవరి 12న. అంటే మొదలుపెట్టడం, లోపలికి రావడం, చదువుకోవడం, దొరికిపోవడం మొత్తం ఒక్క 90 రోజుల వ్యవధిలోనే జరిగిపోయాయి.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పాస్‌వర్డ్ గాల్లోంచి పోదు, ఏదో ఒక చోటునుంచి పోతుంది. షేర్డ్ డ్రైవ్‌లోని ఎక్సెల్ షీటు కావచ్చు, టీమ్స్ చాట్ కావచ్చు, టికెట్‌లోని కామెంట్ కావచ్చు, అందరికీ చదివే హక్కున్న కాన్ఫిగ్ ఫైలు కావచ్చు. 90 రోజులకు మార్చిన కొత్త పాస్‌వర్డ్ ఎక్కడికి వెళుతుంది? అదే ఎక్సెల్ షీట్‌లోకి, అదే ఫైల్లోకి. దొంగ ఇంకా ఆ షీటును చదవగలిగే స్థితిలోనే ఉంటే కొత్తది కూడా అతనికి అదే రోజు అందుతుంది. తాళం మార్చి, కొత్త చెవిని మళ్లీ అదే గూట్లో పెట్టినట్టే ఇది. పైగా ప్రతి మార్పుకూ ఆ పాస్‌వర్డ్ ఒకరి నుంచి ఇంకొకరికి ప్రయాణిస్తుంది. టీమ్ లీడ్ నుంచి అడ్మిన్‌కు, అడ్మిన్ నుంచి అప్లికేషన్ టీమ్‌కు, అక్కడినుంచి నైట్ షిఫ్ట్ కుర్రాడికి. మిడ్‌నైట్ బ్లిజర్డ్ తాను దొంగిలించిన మెయిళ్లలో దొరికిన రహస్యాలనే మళ్లీ వాడి ముందుకు పోతోందని మైక్రోసాఫ్ట్ 2024 మార్చిలో వెల్లడించింది. పాస్‌వర్డులు మెయిళ్లలో ప్రయాణించే ఏ సంస్థకైనా ఇదే ప్రమాదం. ఏడాదికి నాలుగుసార్లు మార్చడమంటే, ఏడాదికి నాలుగుసార్లు ఆ రహస్యాన్ని వీధిలోకి తేవడం.

3. "అయిదు నిమిషాల పని"

ఈ మాటతోనే నాకు అన్నిటికన్నా పేచీ. ఇది అనేవాళ్లు అడ్మిన్ స్క్రీన్‌లో చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ పెట్టెను, దాని కింద సేవ్ బటన్‌ను చూసి అంటారు. ఆ పెట్టె వెనకేముందో చూస్తే అనరు.

లినక్స్ సర్వర్లలో మెయిళ్లు పంపడానికి చాలామంది వాడే పోస్ట్‌ఫిక్స్‌నే తీసుకోండి. పాస్‌వర్డ్ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది. దాన్ని మార్చి సేవ్ చేస్తే పోస్ట్‌ఫిక్స్‌కు ఏమీ తెలియదు, అది చదివేది ఆ ఫైలు నుంచి తయారైన ఇండెక్స్ ఫైలును. పోస్ట్‌మ్యాప్ అనే ఆదేశం ఇచ్చి కొత్త ఇండెక్స్ తయారుచేస్తేనే మార్పు అమల్లోకి వస్తుంది. ఆ ఆదేశం మరిచిపోయారనుకోండి. మెయిల్ సర్వర్ 535 అనే కోడ్‌తో లాగిన్ తిరస్కరిస్తుంది. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిళ్లను వెనక్కి తిప్పి పంపదు. డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం, ఇది తాత్కాలికమైన ఇబ్బంది అనుకుని వాటిని క్యూలో దాచుకుంటుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మొదట్లో నిమిషాల తేడాతో, తర్వాత గంటకు పైగా తేడాతో. ఇలా 5 రోజులు చూస్తుంది. ఆ తర్వాతే చేతులెత్తేసి పంపినవారికి తిప్పికొడుతుంది. మధ్యలో ఆలస్యమవుతోందని హెచ్చరించే ఏర్పాటు డిఫాల్ట్‌గా ఉండదు. శుక్రవారం రాత్రి మార్చిన పాస్‌వర్డ్ పనిచేయడం లేదన్న సంగతి తిప్పికొట్టిన మెయిల్ రూపంలో బుధవారం రాత్రి తెలుస్తుంది. ఆ మెయిల్ వెళ్లేది కూడా సాధారణంగా ఎవరూ తెరవని నో-రిప్లై చిరునామాకు.

గిట్‌ల్యాబ్‌లో ఇంకో రకం. సొంత సర్వర్ మీద నడిపే సంస్థల్లో పాస్‌వర్డ్ ఒక రూబీ ఫైల్లో కోట్స్ మధ్య రాసి ఉంటుంది. మార్చాక రీకాన్ఫిగర్ నడపాలి. ఒకటికి మించి నోడ్లుంటే ప్రతిదాని మీదా నడపాలి. యంత్రం ఇచ్చిన కొత్త పాస్‌వర్డులో సింగిల్ కోట్ గుర్తు వచ్చిందా, ఆ ఫైలే చెడిపోవచ్చు. టామ్‌క్యాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో ఆంపర్‌శాండ్ గుర్తుతో ఇదే గొడవ.

ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ మెయిల్‌లో ప్రమాదం మరీ కనిపించనిది. మెయిల్ పంపమని ఆదేశం ఇస్తే అది మెయిల్‌ను వరసలో పెట్టి, పెట్టానని జవాబిచ్చి ఊరుకుంటుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ తప్పని మెయిల్ సర్వర్ తోసిపుచ్చినా, ఆదేశం ఇచ్చిన జాబ్ మాత్రం విజయవంతమైనట్టే నమోదవుతుంది. విఫలమైన సంగతి ఎంఎస్‌డీబీలోని లాగ్ టేబుల్లో కూర్చుని ఉంటుంది, ఎవరైనా వెళ్లి అడిగితే చెబుతుంది. రాత్రి బ్యాకప్ ఫెయిలైతే ఆ కబురు వచ్చేది ఈ మెయిల్ మీదే. మెయిల్ రాకపోతే డీబీఏ ఏమనుకుంటాడు? బ్యాకప్ సవ్యంగా అయిందనుకుంటాడు.

కాబట్టి ఈ పాస్‌వర్డ్ చెడితే, చెడిందని చెప్పే దారి కూడా దానితోపాటే మూసుకుపోతుంది. మిగతా ఏ పాస్‌వర్డుకూ ఈ గుణం ఇంతగా లేదు. డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పితే అప్లికేషన్ ఆగిపోతుంది, నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. మెయిల్ పాస్‌వర్డ్ తప్పితే అంతా ప్రశాంతంగా ఉంటుంది. లీవ్ అప్రూవల్ రాలేదని ఒకరు, ఇన్వాయిస్ అందలేదని ఇంకొకరు రెండు రోజుల తర్వాత అడగడం మొదలుపెడతారు.

ఇక లాకౌట్. కొత్త పాస్‌వర్డును పన్నెండు చోట్ల మార్చారు, పదమూడో చోటు ఒకటుందని ఎవరికీ గుర్తులేదు. ఎప్పుడో ఎవరో రాసిన పవర్‌షెల్ స్క్రిప్టు, పది నిమిషాలకోసారి నడిచేది. అది పాత పాస్‌వర్డుతో ప్రయత్నిస్తూనే ఉంటుంది. లాకౌట్ పరిమితి పెట్టిన యాక్టివ్ డైరెక్టరీ ఆ ఖాతాను మూసేయొచ్చు. అలా మూసేస్తే సరైన పాస్‌వర్డున్న పన్నెండు సర్వర్లూ ఆగిపోతాయి. అన్‌లాక్ చేస్తే కాసేపటికి మళ్లీ లాక్. "అన్నా, మనం కొట్టిన పాస్‌వర్డ్ కరెక్టే కదా, మళ్లీ లాక్ ఎందుకవుతోంది?" అని తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేసే జూనియర్ చేతిలో ఆధారం ఒక్కటే, డొమైన్ కంట్రోలర్‌లో 4740 నంబరు ఈవెంట్. తప్పు ప్రయత్నం ఏ యంత్రం నుంచి వచ్చిందో అది చెప్పాలి. కానీ ఆ ప్రయత్నం మెయిల్ సర్వర్ గుండా వచ్చింది కాబట్టి, అక్కడ కనిపించేది మెయిల్ సర్వర్ పేరే. అసలు దోషిని పట్టుకోవాలంటే మెయిల్ సర్వర్ లాగుల్లోకి దిగి ఐపీ అడ్రసులు వెతకాలి.

గూగుల్ ఖాతాతో మెయిళ్లు పంపే చిన్న సంస్థల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. సర్వర్ కోసం విడిగా తీసుకున్న 16 అక్షరాల యాప్ పాస్‌వర్డులు అసలు ఖాతా పాస్‌వర్డ్ మార్చిన క్షణంలో రద్దవుతాయి. స్కానర్, బ్యాకప్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా మూగబోతాయి. తాము ముట్టుకున్నది వాటిని కాదు కాబట్టి, కారణం అదేనని అక్కడెవరికీ తట్టదు.

ఇన్ని చోట్ల జాగ్రత్తపడాల్సిన పనిని అయిదు నిమిషాలదిగా లెక్కగట్టినందువల్ల ఏమవుతోంది? టీమ్‌లు సులువైన దారి వెతుక్కుంటాయి. పన్నెండు అప్లికేషన్లకూ ఒకే ఖాతా పెడతారు, మార్చడం తేలికని. పాస్‌వర్డ్ చివర నెల, సంవత్సరం చేరుస్తారు, గుర్తుంటుందని. లాకౌట్ పరిమితి ఎత్తేస్తారు, రాత్రి ఫోన్లు రాకూడదని. ఈ మూడూ నిజమైన భద్రతా లోపాలు. మూడూ గడువు నియమం కన్న బిడ్డలే.

4. వెళ్లిపోయిన ఉద్యోగి సంగతి

మూడో తేదీన ఒకరు ఉద్యోగం మానేశారు. ఆయనకు మెయిల్ ఖాతా పాస్‌వర్డ్ తెలుసు. ఎప్పుడు మార్చాలి? మూడో తేదీ సాయంత్రం. ఇందులో క్యాలెండర్‌కు చోటే లేదు. కానీ క్యాలెండర్ ఉన్నచోట జరిగేది వేరు. "వచ్చే నెల రొటేషన్ ఉంది కదా, అప్పుడు మారిపోతుందిలే" అంటారు. ఉన్నపళంగా చేయాల్సిన పనిని వాయిదా వేయడానికి గడువు ఒక గౌరవప్రదమైన సాకు అవుతుంది.

ప్రమాదం జరిగాక మార్చాల్సినవాటిని మార్చడం ఎంత కష్టమో చెప్పడానికి క్లౌడ్‌ఫ్లేర్ ఉదంతం చాలు. 2023 అక్టోబరులో ఆక్టా అనే లాగిన్ సేవల సంస్థ మీద దాడి జరిగింది. ఆ దాడిలో క్లౌడ్‌ఫ్లేర్ రహస్యాలూ బయటపడ్డాయి. క్లౌడ్‌ఫ్లేర్ వేలకొద్దీ పాస్‌వర్డులు, టోకెన్లు మార్చింది. ఒక టోకెన్, మూడు సర్వీస్ ఖాతాలు మాత్రం మార్చలేదు. అవి వాడుకలో లేవనుకుంది. నవంబరులో దాడిచేసినవాళ్లు సరిగ్గా ఆ నాలుగింటినే పట్టుకుని, ఆ సంస్థ సొంతంగా నడుపుకొనే అట్లాసియన్ సర్వర్‌లోకి వచ్చారు. భద్రతే వృత్తిగా ఉన్న సంస్థలో, దాడి జరిగిందని తెలిసి, పట్టుదలగా మార్చినప్పుడు కూడా నాలుగు తప్పిపోయాయి. వాళ్లకు కొరవడింది గడువు కాదు, ఏది ఎక్కడ బతికుందో చెప్పే పూర్తి జాబితా.

గడువు పక్షం వాళ్లు తరచూ చూపించే కలోనియల్ పైప్‌లైన్ ఉదంతంలోనూ ఉన్నదిదే. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి ఇంధనం చేరవేసే ఆ పైప్‌లైన్ దాడి వల్ల ఆగిపోయింది. కంపెనీ దాడిచేసినవాళ్లకు 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు, చెల్లించింది. దాడికి దారి ఒక పాత వీపీఎన్ ఖాతా. పాస్‌వర్డ్ సంక్లిష్టమైనదేనని కంపెనీ సీఈఓ జోసెఫ్ బ్లౌంట్ సెనేట్ కమిటీ ముందు చెప్పారు, కాకపోతే రెండో అంచె లేదు. గడువు ఉంటే ఆగేది కదా అంటారు. వాడుకలో లేదనుకున్న ఖాతా రొటేషన్ జాబితాలో ఎలా ఉంటుంది? దానికి కావలసింది కొత్త పాస్‌వర్డ్ కాదు. ఆ ఖాతా ఉనికిలోనే ఉండకూడదు.

5. చెయ్యి తిరగడం గురించి

వాళ్ల వాదనల్లో నేను గౌరవించేది ఇదొక్కటే. ఎన్నడూ మార్చని టీమ్ అవసరమైన రాత్రి తడబడుతుంది. సాధన కావాలి. అయితే సాధనకు కొలమానం ఉండాలి. ఎంతసేపట్లో అన్నిచోట్లా మార్చగలిగారు, ఏది తప్పిపోయింది, ఎంతసేపు మెయిళ్లు ఆగాయి అని చూసుకోవాలి. 90 రోజుల టికెట్ ఇవేవీ అడగదు. స్క్రీన్‌షాట్ అడుగుతుంది. రెండు వారాల ముందే తేదీ ప్రకటించి, శనివారం అర్ధరాత్రి డౌన్‌టైమ్ తీసుకుని, ఇద్దరు సీనియర్లను కూర్చోబెట్టుకుని చేసినది మంగళవారం మధ్యాహ్నం రెండింటికి హఠాత్తుగా ప్రమాదం వస్తే పనికొచ్చే సాధన కాదు. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న మన దేశంలోని సంస్థలను ఆదేశించింది. ఆ 6 గంటల్లో నివేదికా రాయాలి, పాస్‌వర్డూ మార్చాలి. ఏడాదికోసారి ముందస్తు కబురు లేకుండా, గడియారం పెట్టుకుని, పగటిపూట మార్చి చూడండి. అదైతే సాధన.

6. ఆడిటర్ అడిగేది, నియమం చెప్పేది

ఐఎస్ఓ 27001లో 90 అన్న అంకె లేదు. కార్డు చెల్లింపుల సంస్థలకు వర్తించే పీసీఐ డీఎస్ఎస్‌లో ఆ అంకె ఉంది, కానీ అది పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణగా ఉన్న మనుషుల ఖాతాలకు. అప్లికేషన్ ఖాతాల విషయంలో, ఎన్నాళ్లకు మార్చాలో సంస్థే తన ప్రమాదాన్ని విశ్లేషించుకుని నిర్ణయించుకోవాలని, బయటపడిందన్న అనుమానం వస్తే వెంటనే మార్చాలని అది చెబుతుంది. స్క్రిప్టుల్లో, కాన్ఫిగ్ ఫైళ్లలో పాస్‌వర్డులు రాసిపెట్టడం గురించి కూడా అదే విభాగం హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక గురించి అడిగే ఆడిటర్లు అరుదు. విశ్లేషణ రాయడం కష్టం, అంకె వేయడం సులువు. అందుకే చాలా సంస్థలు విశ్లేషణ చేయకుండా, ఎవరి విధాన పత్రం నుంచో 90ని ఎత్తి తమదానిలో అతికించుకున్నాయి. తర్వాత ఆ పత్రాన్ని చూసి ఆడిటర్ అడుగుతున్నాడు. నియమం అడగనిదాన్ని మనమే రాసిచ్చి, మనల్ని మనమే బంధించుకున్నాం.

7. అయితే అసలు ముట్టుకోవద్దా?

ముట్టుకోవద్దనే వర్గమూ ఒకటుంది. గడువు లేదన్న పెట్టెలో టిక్ పెట్టి, ఏళ్లతరబడి మరిచిపోయేవాళ్లు. వాళ్లతో నాకు పొత్తు లేదు. మార్చకపోవడం కాదు నేను కోరేది, కారణం ఉన్న రోజున అదే రోజు మార్చగలగడం.

అందుకు ఏం కావాలో కష్టపడి కనిపెట్టనక్కర్లేదు. ప్రతి అప్లికేషన్‌కూ విడి ఖాతా ఉండాలి. అది మెయిల్ పంపగలగాలి తప్ప, దానితో ఎవరూ మెయిల్ పెట్టె తెరవలేకపోవాలి. ఆ అప్లికేషన్ సర్వర్ ఐపీ నుంచి తప్ప వేరేచోటి నుంచి లాగిన్ అంగీకరించకూడదు. అప్పుడు పాస్‌వర్డ్ పోయినా దొంగకు దక్కేది స్వల్పం. రహస్యం ఫైల్లో కాకుండా రహస్యాలు భద్రపరిచే వాల్ట్‌లో ఉండాలి, మనిషి కంటపడకుండా అప్లికేషన్‌కు చేరాలి. యంత్రమే తయారుచేసి, యంత్రమే మార్చి, యంత్రమే సరిచూసుకునేచోట ఎంత తరచుగా మార్చినా నాకు అభ్యంతరం లేదు. విండోస్ సర్వర్ 2012 నుంచి ఉన్న గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ ఖాతాలు 30 రోజులకోసారి అలాగే మార్చుకుంటాయి, ఎవరి నిద్రా చెడదు. నా అభ్యంతరం మనిషి చేత్తో, క్యాలెండర్ చూసి, జాబితా లేకుండా చేసేదాని మీద.

చేత్తోనే మార్చాల్సి వచ్చినచోట, పాతదీ కొత్తదీ కొంతసేపు రెండూ చెల్లేలా చూసుకోవాలి. అమెజాన్ మెయిల్ సేవ ఎస్ఈఎస్ పాస్‌వర్డులు, అక్కడి ఖాతాల వ్యవస్థ ఐఏఎం ఇచ్చే కీల నుంచి తయారవుతాయి, ఒక్కో ఐఏఎం యూజర్‌కు రెండు కీలు ఉంచుకోవచ్చు. కొత్తది పెట్టి, అన్నిచోట్లా మార్చి, పాతది ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో చూసి, ఆ తర్వాతే దాన్ని ఆపొచ్చు. ఆ పదమూడో స్క్రిప్టు అక్కడ పట్టుబడుతుంది, ఖాతా లాకవకుండానే. ఇలాంటి వీలు లేని మెయిల్ వ్యవస్థల్లో రెండో ఖాతా తెరిచి ఒక్కో అప్లికేషన్‌నూ అటు జరపడం మేలు.

పాస్‌వర్డే లేని దారికి మారడం కూడా ఇక వాయిదా వేయలేని పని. ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్‌లో పాస్‌వర్డుతో మాత్రమే నడిచే పాత లాగిన్‌ను మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి ఆపేస్తూ వచ్చింది. మెయిల్ పంపే దారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది, దాని గడువును జరుపుతూ వస్తోంది. జరిగిన ప్రతిసారీ మన టీమ్‌లు ఊపిరి పీల్చుకుని పాత పద్ధతిలోనే ఉండిపోతున్నాయి. ఓఆథ్ టోకెన్లతో అన్నీ తీరిపోతాయని అనను, మిడ్‌నైట్ బ్లిజర్డ్ నడిచింది ఓఆథ్ యాప్ మీదే. ఆ యాప్‌కు మెయిల్ పంపే హక్కు మించి ఏమీ ఇవ్వకపోతేనే ప్రయోజనం.

మార్చాక సరిచూడడం గురించి ఒక్క మాట. చాలా సాఫ్ట్‌వేర్లలో టెస్ట్ మెయిల్ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి సంతృప్తిపడకూడదు. అది ఒక్క నోడ్ నుంచి, ఒక్క దారిలో వెళుతుంది. సంస్థ బయట ఉన్న ఒక చిరునామాకు ప్రతి అప్లికేషన్ నుంచీ నిజమైన నోటిఫికేషన్ ఒకటి చేరిందో లేదో చూడాలి. క్యూ ఖాళీ అవుతోందో లేదో గంట తర్వాత మళ్లీ చూడాలి. మెయిల్ ఆగిందని చెప్పే అలర్ట్ మెయిల్ మీద రాకూడదు, ఫోన్‌కో చాట్‌కో రావాలి.

ఇవన్నీ ఉన్న సంస్థకు 90 రోజుల నియమం అక్కర్లేదు, ఇవి లేని సంస్థను ఆ నియమం కాపాడదు. అందుకే అడ్మిన్‌లకు నేను చెప్పేది: ఈసారి రొటేషన్ టికెట్ వచ్చినప్పుడు, ఈ పాస్‌వర్డ్ ఏయే సర్వర్లలో, ఏయే ఫైళ్లలో, ఎవరెవరి దగ్గర ఉందో చెప్పే జాబితా జత చేయమని అడగండి. జాబితా లేకపోతే టికెట్‌ను వెనక్కి పంపండి. కారణం అందులోనే రాయండి, ఆడిటర్‌కు కనిపించేలా. ఆ జాబితా తయారుచేయడానికి మూడు వారాలు పడుతుందని మేనేజర్ అంటే, రొటేషన్‌కు బదులు ఆ మూడు వారాలూ అడగండి.